తాడూ బొంగరం లేనివాళ్ళ భోజనం

కాఫీ షాపులో ఎదురుగా కూర్చున్న మనిషి మూడోసారి గడియారం చూసుకున్నాడు. చిట్టి ముందున్న కప్పులో కాఫీ ఇంకా సగం కూడా తగ్గలేదు.

"మీకేమైనా పనుందా?" అని అడిగింది.

"అబ్బే, పనేం కాదండీ. నాలుగున్నరకి ఇంకొకరు వస్తామన్నారు. ఈ టేబుల్ దగ్గరికే. అందుకని మీరు కాస్త..." అంటూ మొహమాటంగా నవ్వాడు.

నవ్వితే పై వరుసలో ముందు పన్ను తళుక్కుమంది. అది కట్టుడు పన్నని, పక్క పళ్ళకంటే ఒక మెట్టు తెల్లగా వేశారని అతను వచ్చి కూర్చోగానే కనిపెట్టింది చిట్టి. కనిపెట్టదూ మరి! డాక్టర్లకు కట్టుడు పళ్ళు తయారు చేసిచ్చే ల్యాబులో పద్దెనిమిదేళ్ళుగా ఆమెది అదే పని. ఎదుటివాళ్ళ నోటి సంగతి మనకెందుకని అంతదాకా ఊరుకుంది. ఇక ఊరుకోవాలనిపించలేదు.

"మీ ముందు పన్ను రంగు కుదర్లేదండీ. మార్పించుకోండి," అంది, లేచి సంచీ భుజాన వేసుకుంటూ. "నాలుగున్నరలోపు అయ్యే పని కాదులెండి. వారం పడుతుంది."

బయటికొచ్చి రోడ్డు దాటేదాకా ధీమాగానే నడిచింది. దాటాక మాత్రం మూసేసిన ఓ షాపు మెట్ల మీద కూలబడింది. మూడు నెలల్లో ఇతను తొమ్మిదోవాడు. సంబంధాల యాప్‌లో ఆమె ఫొటో పెట్టింది, వివరాలు నింపింది అన్నీ అక్కే. వేలితో ఇటు తోస్తే వద్దని, అటు తోస్తే కావాలని. కావాలన్నవాళ్ళతో ఇరవై నిమిషాల కాఫీ. జీతమెంత, సొంతిల్లా అద్దిల్లా, ఇన్నాళ్ళూ ఎందుకు చేసుకోలేదు. తొమ్మిదిమందీ ఈ మూడు ప్రశ్నలే అడిగారు, వరస కూడా మారలేదు.

చిట్టి అనేది ఇంట్లోవాళ్ళ ముద్దుపేరు. నలభై ఒకటి నిండి, కణతల దగ్గర నాలుగు వెంట్రుకలు నెరిసినా ఆ పేరు మాత్రం ఆమెతో పాటు ఎదగలేదు. ఇంటికి చేరేలోపే అక్క ఫోను.

"ఏమైందే? అతను నీ మీద కంప్లైంట్ పెట్టాడట. నీ పేజీ ఆపేశారు."

"మంచి పని చేశారు."

"చిట్టీ, ఆలస్యం అమృతం విషం అన్నారే పెద్దలు!"

"నిదానమే ప్రధానం అన్నది కూడా వాళ్ళేనక్కా. ఏదో ఒకటి తేల్చుకోమను ముందు."

మర్నాడు ల్యాబులో ఒక ముసలాయన పళ్ళ సెట్టు మీద పని చేస్తోంది. నోటి అచ్చులో ప్లాస్టర్ పోసి, దాని మీద మైనం పరిచి, ఒక్కొక్క పన్నూ నిలబెడుతూ వస్తోంది. ఆ ముసలాయన డాక్టరు దగ్గరికి ఇప్పటికి మూడుసార్లు వచ్చి వెళ్ళాడు. ఇంకోసారి రావాలి. పెట్టి చూడాలి, ఎక్కడ నొక్కుతోందో అడగాలి, అరగదీయాలి, మళ్ళీ పెట్టి చూడాలి. చేతిలో చాకు ఆపి ఆలోచనలో పడింది చిట్టి. ఒక నోట్లో పళ్ళు కుదరడానికే ఇన్నిసార్లు వచ్చి పోవాలే, మనిషికి మనిషి కుదరడానికి ఇరవై నిమిషాలు చాలని ఎవడు చెప్పాడు?

ఆ సాయంత్రమే రెండు కాగితాల మీద నాలుగు మాటలు రాసి ఒకటి ఫ్రిజ్ తలుపుకు, ఒకటి లైబ్రరీ నోటీసు బోర్డుకు అంటించింది. రెండు వారాలకోసారి శనివారం సాయంత్రం భోజనం. ఒంటరిగా ఉన్నవాళ్ళు ఎవరైనా రావచ్చు. కూరగాయలు అందరూ కలిసే తరగాలి, అంట్లు అందరూ కలిసే తోమాలి. ఫోన్లు గుమ్మం దగ్గరి బుట్టలో పడెయ్యాలి. జీతం, ఇల్లు, ఎందుకు చేసుకోలేదు అన్న మూడూ అడక్కూడదు. ఆరు భోజనాలు కలిసి తినేవరకు ఎవరూ ఎవరి నంబరూ అడక్కూడదు.

చదివి చూసుకుంటే తనకే నవ్వొచ్చింది. "ఇన్ని షరతులు పెడితే ఈగ కూడా రాదు," అంది పక్క ఫ్లాట్‌లో పిల్లలకు పాటలు నేర్పే సంగీతం టీచరు. ఆవిడకూ పెళ్ళి కాలేదు. అంటూనే వచ్చి మొదటి కుర్చీలో కూర్చుంది.

మొదటి శనివారం మొత్తం నలుగురు తేలారు. చిట్టి, టీచరు, ల్యాబు కింద షాపులో షర్టులు కుట్టే టైలరు, లైబ్రరీ నోటీసు బోర్డులో చూసి వచ్చిన ఒక బస్సు డ్రైవరు. సూప్ నీళ్ళలా ఉంది. బంగాళాదుంపలు అడుగంటాయి. మాటలు దొరక్క టైలరు టేబుల్ గుడ్డ అంచు పట్టుకుని, "కుట్టు వదులైందండీ," అన్నాడు. తర్వాత పది నిమిషాలు చెంచాల చప్పుడే.

అందరి కంచాలూ ఖాళీ అయినా బస్సు డ్రైవరు ఇంకా సగంలోనే ఉన్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి నమిలి మింగుతున్నాడు. తన కోసం ముగ్గురు కాచుకుని ఉన్నారని తెలిసీ తొందరపడలేదు. సిగ్గూ పడలేదు.

"క్షమించాలి. నేను కొంచెం నిదానం," అన్నాడు చివరికి. "బడి పిల్లల బస్సు తోలతాను. పిల్లలు నాకు నలభై అని పేరు పెట్టారు. వయసు చూసి కాదండీ. బస్సు స్పీడు ముల్లు ఆ అంకె దాటదు."

టీచరు పకపకా నవ్వేసింది. ఆ నవ్వుతో ఏదో ముడి వీడినట్టయి, సింకు దగ్గర నిలబడి అంట్లు తోముతూ నలుగురూ గంటసేపు కబుర్లు చెప్పుకున్నారు. భార్య విడిచి వెళ్ళి ఆరేళ్ళయిందని, ఆ పూట నుంచి అందరూ నలభై అనే పిలిచిన ఆ డ్రైవరు ఎవరూ అడక్కుండానే చెప్పాడు. కడిగిన గిన్నె తుడిచి చిట్టి చేతికిస్తూ, వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పాడు.

మూడో భోజనానికి ఆరుగురయ్యారు. నాలుగోదానికి ఎనిమిదిమంది. ఒకసారి ఒక ఇన్సూరెన్సు ఏజెంటు వచ్చాడు. సూప్ పూర్తి కాకముందే టీచరు నంబరూ, టైలరు పుట్టినతేదీ అడిగాడు. చిట్టి లేచి, బుట్టలోంచి అతని ఫోను తీసి చేతిలో పెట్టి, తలుపు తెరిచి పట్టుకుంది. "పండ్లు తినకుండానే?" అన్నాడతను. "దార్లో కొనుక్కోండి," అంది.

అప్పటికే బిల్డింగులో గుసగుసలు మొదలయ్యాయి. నాలుగో అంతస్తులో ఒంటరి ఆడమనిషి, ఆమె ఇంటికి శనివారం శనివారం మగవాళ్ళు, ఆడవాళ్ళు, లోపల్నుంచి ఒకటే నవ్వులు. ఇంకేం కావాలి? గోరంతను కొండంత చేయడానికి ఎనిమిదిమంది నవ్వితే చాలు. అసోసియేషన్ సెక్రటరీ రెండో అంతస్తులో ఉంటాడు. రిటైరైన పెద్ద ఆఫీసరు. భార్య పోయి ఇరవై రెండేళ్ళు. చిన్నపిల్లల్ని చూసుకోవడానికని అప్పట్లో వచ్చిన ఆయన అక్క, పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయాక కూడా అక్కడే ఉండిపోయింది. బిల్డింగంతా ఆవిడను ఆంటీ అంటారు. కూరల సంచీతో మెట్లెక్కేటప్పుడు తప్ప ఆవిడ ఎవరికీ కనిపించదు.

ఒక ఆదివారం పొద్దున పార్కింగులో ప్లాస్టిక్ కుర్చీలు వేసి మీటింగు పెట్టారు. నీళ్ళ మోటారు సంగతి రెండు నిమిషాల్లో తేల్చేసి సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.

"ఇది ఫ్యామిలీలు ఉండే బిల్డింగు. తాడూ బొంగరం లేనివాళ్ళంతా చేరి తిరునాళ్ళు చేసుకునే చోటు కాదు."

అందరి తలలూ చిట్టి వైపు తిరిగాయి. ఆమె కుర్చీ వెనక్కి జరిపింది. లేచి నిలబడింది.

"నేనూ ఫ్యామిలీనే సార్. ఒక్కరే ఉన్న ఫ్యామిలీని. మెయింటెనెన్సు మాత్రం నాకు సగం చేసి తీసుకోవడం లేదుగా మీరు?"

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"లోపల ఏం జరుగుతోందో మాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు సెక్రటరీ.

"తలుపు తీసే ఉంచుతున్నాను. తొంగి చూసినవాళ్ళు చాలామందే ఉన్నారు, వాళ్ళనడగండి. ఉల్లిపాయలు తరుగుతున్నాం. అంట్లు తోముతున్నాం. మీ ఇళ్ళలో అది చెయ్యడానికి మనిషి దొరక్క కొట్టుకుంటారు, మేం ఇష్టపడి చేస్తుంటే నేరమైందా?"

చేతులెత్తించారు. పధ్నాలుగు తొమ్మిది. ఇకనుంచి ఏ ఫ్లాట్‌లోనూ నలుగురికి మించి బయటివాళ్ళు చేరకూడదని తీర్మానం రాసి లిఫ్టులో అంటించారు.

మధ్యాహ్నానికల్లా అక్క దిగింది. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"పరువు తీశావు కదే! మీ బావగారికి ఎవరో ఫోన్ చేసి మరీ చెప్పారట. నీ గురించి నలుగురూ నాలుగు రకాలుగా అనుకుంటున్నారు."

"నలుగురు నాలుగు రకాలుగా అనుకుంటే పదహారక్కా. పదిహేడోది నాది. అది కూడా ఉండనీ."

"నవ్వులాటగా ఉందా? నీకో తోడు కావాలని నేను పడుతున్న తాపత్రయం..."

అక్క మాట మధ్యలోనే సోఫాలో కూర్చుండిపోయింది. చిట్టి వెళ్ళి పక్కన కూర్చుంది. అక్కది దొంగ ప్రేమ కాదని ఆమెకు తెలుసు. అమ్మ పోయాక తనకు జడలు వేసిన చేతులవి. అందుకే అక్కతో పోట్లాట సెక్రటరీతో పోట్లాటంత తేలిక కాదు.

"తోడు వద్దనలేదక్కా. బేరమాడి తెచ్చుకోవడం వద్దన్నాను. ఒక మనిషి ఉప్పు తక్కువైతే ఏమంటాడు, పక్కవాళ్ళ కంచం ఖాళీ అయితే చూస్తాడా చూడడా, గిన్నె పగలగొట్టుకుంటే ఎవరి మీద అరుస్తాడు, ఇవన్నీ చూడాలి నాకు. చూడ్డానికి టైం పడుతుంది. నా టైమే కదా, నీది కాదుగా."

అక్క టీ తాగకుండానే వెళ్ళిపోయింది.

సోమవారం చిట్టి ల్యాబు యజమాని ముందు నిలబడింది. అందరూ పెద్దాయన అని పిలిచే ఆ మనిషికి డెబ్భై రెండేళ్ళు. మాట తక్కువ. విషయమంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పళ్ళు చేసే చోట తినకపోతే ఇంకెక్కడ తింటారు? కానీ ప్లాస్టర్ దుమ్ము నోట్లో పడితే నాకు సంబంధం లేదు. తుడుచుకోవాలి."

ల్యాబులో స్టూళ్ళున్నాయి కానీ కుర్చీల్లేవు. టేబుళ్ళన్నీ మోటార్లు బిగించిన పని బల్లలు. కాబట్టి చిట్టి ఇంట్లో టేబులూ, కుర్చీలూ, గిన్నెలూ మోసుకెళ్ళాల్సిందే. రెండు వీధుల దూరం. లిఫ్టులో సామాన్లు పెట్టకూడదని ఈలోపు సెక్రటరీ ఇంకో కాగితం అంటించాడు.

"చీకటి పడ్డాక వెళ్దామా, ఎవరూ చూడరు," అన్నాడు టైలరు.

"అయిదింటికే వెళ్దాం. అందరూ చూడాలి," అంది చిట్టి.

శనివారం అయిదింటికి ఎనిమిదిమందీ వరసకట్టి మెట్లు దిగారు. టేబుల్ ముందు కాళ్ళను నలభై, వెనక కాళ్ళను టైలరు పట్టుకున్నారు. చిట్టి నెత్తిన ఒక కుర్చీ, చేతిలో ఇంకోటి. టీచరు సూప్ గిన్నెను పసిబిడ్డలా గుండెకు హత్తుకుంది. మిగతావాళ్ళ చేతుల్లో ఆరు కుర్చీలు, కంచాల బుట్ట. ప్రతి అంతస్తులోనూ ఒక్కో తలుపు ఓరగా తెరుచుకుంది.

రెండో అంతస్తు తలుపు మాత్రం బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో సెక్రటరీ.

"ఏమిటమ్మా ఈ ఊరేగింపు?"

"మీ రూలు ప్రకారమే పోతున్నాం సార్. ఫ్లాట్‌లో నలుగురికి మించకూడదన్నారుగా. మెట్ల మీద ఎంతమంది ఉండొచ్చో రాయలేదు."

సెక్రటరీ ఏదో అనబోతుంటే ఆయన భుజం వెనక ఆంటీ కనిపించింది. తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి, దిగుతున్నవాళ్ళను ఒక్కొక్కర్నీ వేలితో లెక్కపెట్టింది.

"ఎంతమంది మీరు?"

"ఎనిమిదిమందిమి ఆంటీ."

ఆవిడ లోపలికి వెళ్ళింది. హాల్లో ఏదో జరిపిన చప్పుడైంది. మరుక్షణం ఎత్తయిన వీపున్న కుర్చీ ఒకటి రెండు చేతులా పట్టుకుని బయటికొచ్చింది. రోజూ సెక్రటరీ కూర్చుని భోంచేసే కుర్చీ అది.

"అక్కా! ఎక్కడికి?"

"భోజనానికి."

"ఇంట్లో వంట?"

"చేసి స్టవ్ మీద పెట్టాను. వడ్డించుకుని తిను. తిన్న కంచం కడుక్కో."

"నీకేం పనక్కా అక్కడ? వాళ్ళంతా తాడూ బొంగరం..."

"నాకేముందిరా తాడు? నాకేముంది బొంగరం?" అంది ఆంటీ. గొంతు పెద్దది చేయలేదు. ఇన్నేళ్ళలో ఎవరూ వినని గొంతు కావడంతో మెట్ల మీద అందరూ ఆగిపోయారు. "ఇరవై రెండేళ్ళుగా నీ ఇంట్లో వండుతున్నాను. నాకూ పెళ్ళి కాలేదని నీకెప్పుడైనా గుర్తొచ్చిందా? ఆమాటకొస్తే నీకు మాత్రం ఉందా బొంగరం?"

పక్కింటి గుమ్మంలో నిలబడ్డ పిల్ల ఫక్కున నవ్వి, వాళ్ళమ్మ చేయి పడగానే నోరు మూసుకుంది. ఆంటీ కుర్చీతో సహా వరసలో చివర చేరింది. "పదండి పదండి, సూప్ చల్లారిపోతుంది," అని ముందువాళ్ళను తరిమింది.

వీధిలో ఎండ ఇంకా తగ్గలేదు. బస్‌స్టాపులో జనం తలలు తిప్పి చూశారు. ఎవడో బాల్కనీలోంచి ఈల వేశాడు. టేబుల్ మోస్తున్న నలభై తన పేరుకు తగ్గట్టే నడుస్తున్నాడు. వెనక టైలరు, "కాస్త తొందరగా కదలవయ్యా బాబూ, చేతులు ఊడిపోతున్నాయి!" అని మొత్తుకుంటున్నాడు.

పండ్ల బండి దగ్గర నిలబడ్డ ఒకాయన అడిగాడు. "ఇల్లు మారుతున్నారా?"

"లేదండీ. భోజనానికి వెళ్తున్నాం," అంది చిట్టి, నెత్తి మీది కుర్చీ సర్దుకుంటూ. అంటుంటే ఆమెకు ఎక్కడలేని ఉత్సాహం పుట్టుకొచ్చింది. కాఫీ షాపు బయట కూలబడ్డ రోజు ఈ వీధులే తనను వేలెత్తి చూపుతున్నట్టనిపించింది. ఇవాళ నిజంగానే చూపుతున్నారు. చూపనీ.

ల్యాబులో గోడల నిండా అరలు, అరల నిండా ప్లాస్టర్ దవడలు. పై వరసలు, కింది వరసలు, నోరు తెరిచినట్టున్నవి, పళ్ళు కొరుకుతున్నట్టున్నవి. మొదట అందరూ బిత్తరపోయారు. "మనం తినేది చూసి వీళ్ళకు నోరూరుతుందేమో," అంది టీచరు. దుమ్ము తుడిచి, టేబుల్ వేసి, తొమ్మిది కంచాలు పెట్టారు.

ఆంటీ వడ్డించడానికి లేవబోయింది. నలభై గరిటె అందుకుని, "మీరు కూర్చోండి," అన్నాడు. ఆవిడ కూర్చుంది. ఒళ్ళో పెట్టుకున్న చేతులను ఏం చేయాలో తెలియనట్టు వాటినే చూసుకుంది. మెల్లగా రెండు చెంచాలు తాగింది.

"ఉప్పు తక్కువైంది," అంది. అందరూ చెంచాలు ఆపారు. "ఎంత బాగుందో! ఉప్పు తక్కువైందని నేననడం నా జన్మలో ఇదే మొదటిసారి. ఇన్నాళ్ళూ వినడమేగా."

నవ్వుతూనే కొంగుతో కళ్ళొత్తుకుంది. రెండోసారి పోయించుకుంది. మూడోసారి కూడా.

ఆ తర్వాత ల్యాబు భోజనాలు ఆగలేదు. ఒక్క శనివారం వాన కురిసి నడుం లోతు నీళ్ళొచ్చినప్పుడు తప్ప. టేబులూ కుర్చీలూ ఇక ఇంటికి మోయలేదు, అక్కడే ఉండిపోయాయి. టైలరుకు, భోజనాలకొచ్చే లైబ్రరీ ఉద్యోగిని ఒకామెకు జత కుదిరింది. పదిమందికీ చెప్పకుండా వెళ్ళి రిజిస్టరు చేసుకొచ్చి, ఆ తర్వాతి భోజనానికి మామూలుగా ఉల్లిపాయలు తరిగారు. ఆంటీకి ఎవరూ కుదరలేదు. కుదరాలని ఆవిడ అడగనూ లేదు. కానీ శనివారం ఆ ఇంట్లో పొయ్యి వెలిగించడం మానేసింది. సెక్రటరీ రెండు నెలలు చిట్టిని చూసి మొహం తిప్పుకున్నాడు. ఆమె మాత్రం ఎదురుపడ్డప్పుడల్లా గట్టిగా నమస్కారం పెట్టింది. తీర్మానం ఇవాళ్టికీ లిఫ్టులో అలాగే ఉంది.

ఇక నలభై. అతనికి ఆరో భోజనం ఎప్పుడో అయిపోయింది. ఏడయింది, తొమ్మిదయింది. నంబరు అడగడు. గిన్నెలు తుడిచి చేతికిస్తాడు, చిట్టి ఎత్తలేని పెద్ద గిన్నె ఎత్తిపెడతాడు, ఆమె చెప్పిన పళ్ళ కథలు మర్చిపోకుండా రెండు వారాల తర్వాత అడుగుతాడు, "ఆ ముసలాయన సెట్టు కుదిరిందా?" అని. అంతే. షరతులు రాసింది తనే గనక చిట్టి ఎవరి మీద కోప్పడాలి? పదకొండో భోజనం నాడు సింకు దగ్గర ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"ఆరు దాటి అయిదయిందండీ. మీకు లెక్క రాదా?"

అతను కంచం తుడవడం ఆపాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"వచ్చండీ. నేనడిగితే మీరు ఆలోచించుకోవాలి కదా. ఆలోచించుకునే తొందర మీకు పెట్టడమెందుకని..."

"ఆలోచించుకోవడం అయిపోయింది."

"ఎప్పుడు?"

"నాలుగో భోజనానికి. మీరు అడుగంటిన ముక్కలు ఏరి మీ కంచంలో వేసుకున్నప్పుడు."

అతను తడిచేత్తోనే జేబులోంచి కాగితం తీశాడు. నంబరు అప్పటికే రాసి ఉంది. మడతలు పడి పడి మెత్తబడిపోయిన కాగితం.

నెల తిరక్కుండానే సంగతి అక్కకు తెలిసింది. శనివారం చిట్టి ల్యాబులో ఉండగా ఫోన్ చేసింది. తను ఇంకా బుట్టలో వేయని ఫోను.

"డ్రైవరటగా. సరే, మీ బావగారు కూడా ఏమనరులే. ఎప్పుడు చేసుకుంటారో చెప్పు, హాలు బుక్ చేస్తాను."

"ఏ హాలూ బుక్ చెయ్యకు. ఇంకా ఏమీ అనుకోలేదు."

"ఇంకా ఏమిటే అనుకునేది? నీకు నలభై రెండు రాబోతున్నాయి!"

"రానీ. నలభై మూడు కూడా వస్తాయి. చేసుకుంటే చేసుకుంటాం, లేకపోతే ఇలాగే ఉంటాం. మేం తేల్చుకున్నాక నీకే మొదట చెప్తాను. అప్పటిదాకా అడక్కు."

చిట్టి ఫోను చెవికి ఆనించి నిలబడింది. ఈసారి అక్క పెట్టేస్తుందనుకుంది.

"పోనీ," అంది అక్క చివరికి, "అతన్ని నేనెప్పుడు చూడాలి? ఎక్కడైనా కాఫీకి..."

"కాఫీకి రాడు. ఈసారి శనివారం భోజనం రెండు వారాలకి, ఆరింటికి ల్యాబుకి రా. బావగారిని ఇంట్లో వదిలి ఒక్కదానివే రా. పాత బట్టలు కట్టుకో, బంగాళాదుంపలు చెక్కు తీయాలి."

"నేనా?"

"నువ్వే," అని, చిట్టి ఫోను బుట్టలో పడేసి లోపలికి నడిచింది.